కనుకయ్య ఆరు నిమిషాల నడక

భివండి నిజాంపురాలో కనుకయ్యతో కలిసి నడవడమంటే ప్యాసింజర్ రైలెక్కినట్టే. ఎదురైన ప్రతి మనిషీ ఒక స్టేషన్. పాన్ డబ్బా దగ్గర ఆగి "తిన్నవా?" అంటాడు. టైలరు దగ్గర ఆగి కూతురి సంబంధం ఎక్కడిదాకా వచ్చిందో అడుగుతాడు. ఎవరూ దొరక్కపోతే గోడ నీడన కట్టేసిన మేకను పలకరిస్తాడు. కూరగాయల బజారు ఇంటికి కూతవేటు దూరమే, కానీ వీళ్లు చేరేసరికి కొత్తిమీర వాడిపోయి ఉంటుంది.

భార్య శాంతాబాయికి ఈ అలవాటు చూస్తే ఒళ్లు మండేది. సగం జిందగీ రోడ్డు మీద నిలబడటానికే సరిపోయిందని దెప్పేది. అయితే ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఏళ్ల తరబడి మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుడుతున్న మనిషి. ఈమధ్య కాస్త నడిస్తే చాలు, ఊపిరి అందడం లేదు. ఆయన ముచ్చట్లలో పడినప్పుడల్లా, తిట్టుకుంటూనే చాటుగా గాలి పీల్చుకునేది. డాక్టరుకు చూపిస్తే పని మాన్పిస్తారని భయం. ఈ విషయం మూడో కంటికి తెలియదని ధీమా.

అలాంటిది ఒకరోజు కనుకయ్యే గుండె మీద చెయ్యేసుకుని మంచం మీద కూలబడ్డాడు.

"నడుస్తుంటే దమ్మొస్తున్నదే శాంతా. దవాఖానకు పోవాలె. నువ్వు రాకుంటే నేను పోను."

శాంతాబాయి పొయ్యి మీది చాయ్ అలాగే దించేసి, ఆయన్ని ఆటో ఎక్కించి, అంజూర్ ఫాటా దగ్గరి ఆస్పత్రికి పట్టుకుపోయింది.

డాక్టరు శ్రద్ధ వాళ్ల గల్లీ పిల్లే. వరండాలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఎర్ర కోన్లు పెట్టించింది. కనుకయ్య వేలికి క్లిప్పు తగిలించి పద్ధతి చెప్పింది. ఆరు నిమిషాలు వాటి మధ్య తిరగాలి. ఎంత దూరం నడిచాడో, నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే గుండె, ఊపిరితిత్తుల సంగతి బయటపడుతుంది. అలసిపోతే ఆగవచ్చు. పక్కన మాత్రం ఎవరూ నడవకూడదు.

మొదటిసారి కనుకయ్య బెంచీ మీది ముసలాయన దగ్గర ఆగిపోయాడు. ఆయన బీపీ, అల్లుడి నౌకరీ, కోడలి వంట అన్నీ తేలేసరికి సమయం అయిపోయింది. "బోల్‌నేకా నై పెద్దబాపూ, మాట్లాడకుండ నడువు" అంది శ్రద్ధ.

రెండోసారి బుద్ధిగా నోరు మూసుకున్నాడు. కానీ మగ్గాల రొదలో మాట వినబడదు గనక భివండి కార్ఖానాల్లో అందరికీ చేతులతో మాట్లాడుకునే అలవాటు. కనుకయ్య నడుస్తూ నడుస్తూ ఆగి, వేళ్లు నోటికి ఆనించి, "తిన్నవా?" అని నర్సును సైగతో అడిగాడు. ఆమె కూడా మగ్గాల ఇంటి పిల్లే కాబోలు, ఇంకా లేదని చెయ్యి తిప్పింది. వరండాలో సగంమంది మగ్గాలవాళ్లే. ఇక చూడాలి, ఎక్కడ చూసినా చేతులే. చప్పుడు లేని సంత ఒకటి అక్కడ మొదలైంది.

శ్రద్ధ విసిగిపోయి వరండా మొత్తం ఖాళీ చేయించింది. పలకరించడానికి ఈగ కూడా మిగల్లేదు. అప్పుడు నడిచాడు కనుకయ్య, పందెం ఎద్దులాగా. కోన్లు కదిలిపోయేంత ఊపుతో తిరిగాడు. ఆక్సిజన్ తగ్గలేదు, ఊపిరి తడబడలేదు.

"నువ్వు ఏక్‌దమ్ ఫిట్ పెద్దబాపూ. మరి ఎందుకొచ్చినవ్?"

కనుకయ్య చెప్పుల వంక చూస్తూ నసిగాడు. "నాకు గాదు బిడ్డా, మీ పెద్దమ్మకు. ఉట్టిగ రమ్మంటే వస్తదా? ఆమెకు దమ్మొచ్చినప్పుడల్లా నేనే ఎవలనో ఒకలను పట్టుకొని నిలబడుతున్న. లేకుంటే ఆ మేకతోని నాకేం ముచ్చటుంటది?"

శాంతాబాయికి ఆయన్ని కొట్టాలో, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తను దాస్తోందనుకుంది. ఆయన అంతకంటే బాగా దాచాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. "పెట్టు బిడ్డా, ఆ క్లిప్పు" అని వేలు చాపింది.

కనుకయ్యను అద్దాల తలుపు అవతలికి పంపేశారు. సైగలు చేయకూడదని శ్రద్ధ గట్టిగా చెప్పింది. శాంతాబాయి నడవడం మొదలుపెట్టింది. కాసేపటికే ఛాతీ బిగుసుకుంది. అద్దం అవతల కనుకయ్య చేతులు పైకి లేవబోతుంటే, ఆయన వాటిని జేబుల్లో కుక్కుకుంటున్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. చెయ్యెత్తి అడ్డంగా ఊపింది. మగ్గం ఆగిందని చెప్పే సైగ అది. తనకు ఆయాసమని ఆమె ఒప్పుకోవడం అదే మొదటిసారి. అవతల కనుకయ్య కళ్లు తుడుచుకుని, అర్థమైందని తలూపాడు.

ఇంకో రెండు పరీక్షలయ్యాక దూది నుసి వల్ల వచ్చిన ఇబ్బంది అని తేలింది. శ్రద్ధ పీల్చే మందు ఇచ్చి, ఊపిరి కసరత్తులు నేర్పింది. కండెల గది వదిలేసి బట్ట మడతపెట్టే పనికి మారమంది. పని మొత్తమే మానమనలేదు గనక శాంతాబాయి మారుమాట లేకుండా ఒప్పుకుంది.

కొన్ని వారాలకు ఆమె హాయిగా నడవసాగింది. "ఇగ దమ్మొస్తే నేనే చెప్త. నా కోసం నువ్వు ఆగకు" అని చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని బజారుకు బయలుదేరింది. కనుకయ్య సరేనని తలూపి, పాన్ డబ్బా దగ్గర ఆగాడు. ఆమె చూసీ చూసీ ఒక్కతే వెళ్లి, జీవితంలో మొదటిసారి వాడిపోని కొత్తిమీర కొనుక్కుని తిరిగొచ్చింది. ఆయన గోడ నీడన మేక ముందు కూర్చుని ఉన్నాడు.

"దీనితోని ఏం ముచ్చటన్నవు కదా?"

"ఇన్నేండ్లు పలకరించి ఒక్కపారే బంద్ జేస్తే, పాపం, అదేమనుకుంటదే?"

శాంతాబాయి నవ్వాపుకోలేక ఆయన పక్కనే కూలబడింది. కొత్తిమీర కట్టలోంచి ఒక రెమ్మ తుంచి మేక నోటికి అందిస్తూ, "తిన్నవా?" అని అడిగింది.