రేవు ఊరి తివాచీలో పడవ

“ఆ అతుకును నా మగ్గం మీద నేయనియ్య! చూసినోళ్లు మన తప్పే అంటరు,” అన్నాడు ఎల్లయ్య మామ.

“వద్దనుకుంటే కత్తిరించి పంపెటోళ్లు గద మామా. ఉన్నది ఉన్నట్టు నెయ్యమన్నరు,” అన్నాను.

“మేస్త్రీవి నువ్వా, నేనా?”

“నువ్వే. అందుకే తిట్లు గూడ నీకే పడ్తయి.”

వరంగల్‌లో తివాచీల కార్ఖానాలో నేను నేతపనికి కుదిరింది నలభైల మొదట్లో. ఈ గొడవ పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు జరిగింది. ఎల్లయ్య మామ రంగులూ, కొలతలూ చూసే పెద్ద మేస్త్రీ. ఆయన రంగుల గళ్లు గీసిన నక్షా కాగితం చూసి వరుసగా రంగులు పలుకుతుంటే, మగ్గం ముందు కూర్చున్న మేము ఆ రంగు ఉన్నితో ముడి వేసి కోసేవాళ్లం. యుద్ధంలో ఓడలు కదలక పై దేశాల బేరం ఆగింది. సగం మగ్గాలు ఖాళీ. అప్పుడొచ్చిన ఒక్క బేరం తివాచీ నచ్చక తిరిగొస్తే మిగతా సగం కూడా మూతపడేవి.

ఆ బేరం మార్సేల్స్ నుంచి వచ్చింది. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, అది మధ్యధరా సముద్రపు రేవు అని తరువాతెప్పుడో మనవరాలు అట్లాసులో చూపిస్తే తెలిసింది. నమూనాగా ఒక పాత తివాచీ ముక్క పంపారు. పూలు, తీగలు మా వైపు పనే. మధ్యలో మాత్రం అరచేతంత నల్లటి అతుకు, దాని మీద ముతక పసుపు దారంతో కుట్టిన తెరచాప పడవ.

సాయంత్రం బేరం తెచ్చిన సేటు తరఫు మనిషి వస్తే ఆ అతుకు సంగతి నేనే అడిగాను. ఆ తివాచీ తాతల కాలంలో మన బందరులో ఓడెక్కి ఆ రేవు చేరిందట. రేవు పక్కనే ఈ బేరం పంపినవాళ్ల ఇల్లు. నిప్పు పడి కాలిన చోట ఆ ఇంటి ముసలమ్మ వలలు బాగుచేసే దారంతో పడవ కుట్టింది. యుద్ధంలో శత్రువులు రేవు పక్క పాత వాడను పేల్చేశారు. ఆ ఇంటిదంటూ మిగిలింది ఈ ముక్కే.

మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “మన దిక్కు నుంచి పోయిందేనా ఇది?” అన్నాడు మెల్లగా. మళ్లీ గొంతు పెంచాడు. “సరే గని, గా పసుపు మన దగ్గర లేదు. పిడికెడు ఉన్నికి అద్దకం పొయ్యి ముట్టియ్య.”

నేను నా కుండ తెచ్చి బోర్లించాను. కండెల చివర మిగిలిన పోగులు పారేయకుండా దాస్తానని నన్ను అందరూ ఎక్కిరించేవాళ్లు. అందులో పసుపు దొరికింది.

“పిసినారి నర్సవ్వ కుండల ఎతికితే సముద్రం గూడ దొర్కుతదేమో!” అన్నాడు మామ. కార్ఖానా అంతా నవ్వింది. నేను నవ్వలేదు, మిగిలిన పోగులు ఏరి కుండలో వేసుకున్నాను.

పాత వస్తువులో ఏది లోపమో, ఏది గుర్తో నేసేవాళ్లు తేల్చకూడదు. దాని సొంతదారులను అడగాలి. ఆ పనిలో నేను నేర్చుకున్నది అది.

మర్నాడు పొద్దున మగ్గం మీద నేత పడవ ఉన్న చోటికి వచ్చింది. దానికి నక్షా కాగితం లేదు. ఎల్లయ్య మామ ఆ ముక్కనే మోకాళ్ల మీద పరుచుకుని, “రెండు పసుపు, ఒకటి నలుపు, మల్ల రెండు పసుపు” అని పలికాడు. మేము ముళ్లు వేశాం.