మిల్లు గొంతు

పెళ్లైన నాటి నుంచి మిర్యాలగూడలో రైసు మిల్లు వెనక గదుల్లోనే మా కాపురం. మా ఆయన ఆ మిల్లులో మిషన్ నడిపేవాడు. ఆ హోరులో చెవిలో చెప్పినా వినపడేది కాదు, అందుకని ఉప్పు కావాలన్నా అరిచే అడగాలి. సరసమైనా సరే, అరుపే. ఆయన చెవులు సగం అక్కడే పోయాయి. పని మానేశాక కోదాడకు వచ్చి చిన్న ఇల్లు కిరాయికి తీసుకుంటే, వారం తిరక్కుండానే పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది. "ఏంటక్కా, రోజూ ఆ పోట్లాటేంటి మీ ఇద్దరికీ?" పోట్లాట కాదు, చాయ్ తాగుతావా అని అడిగానంటే నమ్మలేదు.

పోయిన వానాకాలం మా తమ్ముడు పోయాడు. నేను చంకనెత్తుకుని పెంచినవాడు. చుట్టూ అందరూ గుండెలు బాదుకుంటుంటే, నేను ఎవరెవరికి చాయ్ అందలేదో చూస్తున్నాను. ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఏదీ రాలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా తెలియలేదు. కూతురికి ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వస్తే సరేనన్నాను. అది బాధ కాదు. బాధైతే నాకు తెలుసు. ఇంట్లో మాటలూ తగ్గిపోయాయి. "హమ్మయ్య, గొడవలు తగ్గాయి మీకు" అని పక్కింటావిడ సంతోషపడింది.

సూర్యాపేటలో కౌన్సెలింగ్ చేసే ఒకామె ఉంది, వెళ్లమని బీపీ డాక్టరు అన్నాడు. ఈ వయసులో కొత్తగా పిచ్చిదాన్ననిపించుకోవాలా అని నాకు ఒళ్లు మండింది. వెళ్లాను కానీ, మోకాళ్ల నొప్పులకని ఆయనకు చెప్పాను. ఆమెకు నా కూతురి వయసుంటుంది. "ఎట్లున్నరమ్మా?" అంటే, మిల్లు గొంతుతో "మంచిగనే ఉన్న!" అన్నాను. ఆమె అదిరిపడింది. మిల్లు సంగతి చెబితే, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "గీడ మిషన్ లేదు గదమ్మా. ఎంత మెల్లగ చెప్పినా నేనింట."

మెల్లగా మాట్లాడటం అంత తొందరగా చేతకాలేదు. చేతనయ్యాక, అరిచి చెప్పలేనివి బయటికొచ్చాయి. "నాకేం అనిపిస్తలేదు బిడ్డా. తమ్ముడు పోయిండని తెలుసు, గంతే." చెప్పాక గుండె తేలికైందని అనను. చెప్పగలిగాను, అంతే. ఈ మాట ఇంట్లో చెప్పారా అని ఆమె అడిగింది. "చెవిటోని ముందు శంఖమూదినట్టయితది" అని కసిరాను. ఇలాంటిది ఎవరైనా అరిచి చెబుతారా?

ఆ సాయంత్రం ఆయన అరుగు మీద ఉన్నాడు. పక్కన కూర్చుని, మోకాళ్ల నొప్పులు అబద్ధమని, ఎక్కడికి వెళ్తున్నానో, ఎందుకో చెప్పాను. "ఏందీ?" అన్నాడు. గొంతు పెంచబుద్ధి కాలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఈసారి విని, నా వైపు తిరిగాడు. తర్వాత తన అలవాటు గొంతుతో, వాడకట్టంతా వినేలా అన్నాడు.

"ఇంట్ల సప్పుడే ఇనబడ్తలేదని, నా చెవులు మొత్తం ఖతమైనయనుకున్న. నువ్వే మాట్లాడుతలేవా?"

ఇన్ని నెలలూ పూర్తిగా చెవిటివాడినయ్యానని, ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. అది ఎక్కడ ఏడుపైందో తెలియలేదు. తమ్ముడి పేరు పెట్టి పిలుస్తూ, మిల్లు గొంతుతోనే ఏడ్చాను. గోడ అవతల పక్కింటావిడ తలుపు తెరిచిన చప్పుడైంది. మళ్లీ మొదలుపెట్టారనుకుని ఉంటుంది. అనుకోనీ.