తేనెక్క ట్రక్కుకు తగిన టైర్లు

ఆ పేటలో ఆమెను అందరూ తేనెక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా తేనెటీగలు పెంచడమే ఆమె పని. కొండ మీద అడవిపూలు విచ్చే రోజుల్లో పెట్టెలన్నీ పైకి చేర్చాలి, పూలు అయిపోయాక కిందికి దింపాలి. ఈగల మాట ఎత్తగానే అద్దె బండ్లవాళ్లు మొహం చాటేసేవారు. విసుగెత్తి, నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, నాలుగు చక్రాలూ లాగే పాత ట్రక్కు ఒకటి కొనేసింది.

రంగు వెలిసిపోయినా ఇంజను మాత్రం గట్టిది. చిక్కల్లా ఒక్కటే. కొండదారిలో రాళ్ల మిట్ట దగ్గర బండి పొట్ట నేలకు కొట్టుకునేది.

"పెద్ద టైర్లు వేయించు మరదలా! దర్జాగా దాటేస్తుంది," అన్నాడు ఆమె అక్క భర్త. ఆయనది కర్టెన్ల కొట్టు. బండ్ల సంగతి ఎంత తెలుసో ఆయనకే తెలియాలి. కానీ ప్రతి ప్రయాణంలోనూ ఆమెకు తోడొచ్చేది ఆయనే. తెలిసినవాళ్ల దగ్గర ముప్పై మూడు అంగుళాల టైర్లు, సగం వాడినవి, పట్టుకొచ్చాడు. నచ్చకపోతే వారంలోగా వెనక్కి తీసుకుంటారట.

టైర్లు బిగించాక ట్రక్కు ఛాతీ విరుచుకుని నిలబడినట్టు కనిపించింది. మర్నాడు తెల్లవారుజామునే పన్నెండు పెట్టెలు ఎక్కించి, వాటి గుమ్మాలకు జాలీలు బిగించి బయల్దేరారు. కొండ ఎక్కడం మొదలుపెట్టగానే బండి ఆయాసపడింది. మెల్లగా పోదామంటే ఆగిపోతుంది, గట్టిగా తొక్కితే ముందుకు దూకుతుంది. సగం క్లచ్ మీద నెట్టుకొస్తుంటే మాడు వాసన. రాళ్ల మిట్ట దగ్గర పొట్టయితే తగల్లేదు గానీ, ఆ కుదుపుకు ఒక పెట్టె జారి జాలీ ఊడింది.

"మరదలా, ఒకటి బయటికొచ్చింది!"

"కదలకుండా కూర్చో బావా, అదేం చెయ్యదు."

"దాని వెనకాల ఊరంతా వస్తోందే!"

బావ తలుపు తోసుకుని దూకి, కొండ కిందికి పరుగు లంకించుకున్నాడు. అయినా ముక్కు మీద కుట్టనే కుట్టింది. తేనెక్క కడుపుబ్బ నవ్వింది. తీరా మూతలు తీసి చూస్తే రెండు పెట్టెల్లో తేనెపట్లు విరిగి తేనె కారుతోంది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే మెకానిక్ దగ్గరికి వెళ్లింది. ఏ ఖర్చు మాట ఎత్తినా ముందు వద్దంటాడని ఆయనకు 'వద్దు మేస్త్రీ' అని పేరు.

"ఈ టైర్లు వద్దు," అన్నాడు చూడగానే. "టైరు పెద్దదయితే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. నువ్వు మొదటి గేరే వేసినా, ఇంజనుకు అంతకంటే పై గేరు వేసినంత బరువు. నీకు వేగం కావాలా, నిదానమా?"

"మనిషి నడకకంటే నిదానం కావాలి మేస్త్రీ. కుదిపితే పట్లు నిలవవు."

ఆయన టైరు మీద, ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీతలు గీశాడు. టైరు సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా ఆమె బండిని నెట్టింది. షాఫ్ట్ మూడున్నర చుట్లు దాటి కొద్దిగా తిరిగింది.

"ఇది నాలుగున్నర దాటాలి. ఇరుసుల్లో ఉండే క్రౌన్ గేర్లు మార్చాలి. కొత్తవి మాత్రం వద్దు, బండి వెలంత అవుతాయి. బరువులు మోసే రకం ట్రక్కు ఏదైనా పాత సామాన్ల కొట్టులో దొరికితే చూడు. ముందువీ వెనకవీ రెండూ ఒకే లెక్కలో ఉండాలి సుమా. లేదంటే చక్రాలు నువ్వెంతంటే నువ్వెంతని పోట్లాడుకుని ఉన్న గేర్లు కూడా నమిలేస్తాయి."

"మరి టైర్లు?"

"ముప్పై అంగుళాలవి వెయ్యి."

"పాతవి ఇరవై ఎనిమిది కదా! పొట్ట లేచేది ఒక్క అంగుళమేగా?"

"అదే చాలు. మిగతాది చక్రం ఎక్కడ పెట్టాలో చూసుకునే నీ కళ్ల పని."

తేనెక్క ఆలోచించింది. ఈ ఏడు కొత్త పెట్టెలు కొనడం మానుకుంటే గేర్లూ టైర్లూ రెండూ కుదురుతాయి. మానుకుంది. పెద్ద టైర్లు వెనక్కి ఇచ్చేసి రమ్మంటే బావ రెండు రోజులు అలిగి, మూడో రోజు ఇచ్చేసి వచ్చాడు.

పాత సామాన్ల కొట్టులో మూడు ట్రక్కుల కింద దూరి, ఒంటినిండా మడ్డి పూసుకుని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టింది. ఏదీ కలవలేదు. నాలుగోదాని దగ్గర షాఫ్ట్ నాలుగు దాటింది, నాలుగున్నర దాటింది. "దొరికింది!" అని ఆమె పెట్టిన కేకకు కొట్టువాడు ఎవరికో దెబ్బ తగిలిందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

గేర్లూ, ముప్పై అంగుళాల టైర్లూ బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు మళ్లీ పన్నెండు పెట్టెలు. మిట్ట దగ్గర మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసింది. ట్రక్కు ఒక్కో రాయినీ తడిమి చూసుకుంటున్నట్టు తనంతట తానే పైకి పాకింది. నెత్తిన కట్టెల మోపుతో నడిచి వస్తున్న ముసలావిడ వాళ్లను దాటిపోతూ, "పాడైందా అమ్మా?" అని జాలిగా అడిగింది.

"లేదవ్వా, బాగైంది!" అంది తేనెక్క.

పైన పెట్టెలు దింపి ఒక్కోదానికీ చెవి ఆనించింది. లోపల ఈగలు ఒకే శ్రుతిలో నెమ్మదిగా ఝుమ్మంటున్నాయి. మూతలెత్తి చూస్తే ఒక్క పట్టూ విరగలేదు. బావేడని చూస్తే, ముఖానికి వలటోపీతోనే సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆమె అద్దం మీద తట్టింది.

"బావా, వచ్చేశాం."

"బయల్దేరామా అసలు?" అన్నాడాయన కళ్లు తెరవకుండానే.