సిస్టరమ్మగారు, ఇద్దరు నూకరాజులు

మేము సిస్టరమ్మగారు అని పిలుచుకునే హెడ్ నర్సుగారు పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చి నుంచి వస్తున్నవాళ్లు ఆగి చెప్పారు. నర్సీపట్నంలో ఇప్పుడు మూతబడిన ఒక చిన్న ఆసుపత్రిలో, తొంభైల్లో, ఆవిడ దగ్గర వార్డు అటెండరుగా పనిచేశాను. నాకు రాత పెద్దగా రాదు, మాట అంతకన్నా రాదు. అయినా ఒకటి చెప్పాలి.

ఒక వేసవిలో మా వార్డులో ఇద్దరు నూకరాజులు చేరారు. మా అమ్మవారు నూకాలమ్మ పేరు మా వైపు ఇంటికొకరికి ఉంటుంది. కోటవురట్ల ఆయనకి షుగరు, రావికమతం ఆయనకి చలిజ్వరం. షుగరాయన మంచం మీద ఫ్యాను తిరగదు. జ్వరమాయనకి గాలి పడదు. ఇద్దరూ మాట్లాడుకుని మంచాలు మారారు. దుప్పట్లు నేనే మోశాను. మందుల కాగితాలు మాత్రం పాత మంచాలకే ఉండిపోయాయి.

మధ్యాహ్నం డ్యూటీకొచ్చిన నర్సు ఇన్సులిన్ సూదితో జ్వరమాయన దగ్గరికి వెళ్లింది. పేరడిగితే నూకరాజన్నాడు. గుమ్మంలో ఉన్న నాకు తేడా తెలిసింది. చదువుకున్నావిడకి నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. ఆమె సూది వేసేసింది.

కాసేపటికి ఆయనకి చెమటలు పోశాయి, మాట తడబడింది. సిస్టరమ్మగారు పరుగున వచ్చి గ్లూకోజు ఎక్కించారు. బతికాడు.

ఎవరు చేశారో చెప్తే వాళ్లని పంపేస్తానన్నారు డాక్టరుగారు. నర్సు ఏడుస్తోంది.

"పంపేస్తే ఆ ఫ్యాను తిరుగుద్దా డాక్టరుగారూ?" అన్నారావిడ.

వార్డు తుడిచే ఆమెతో సహా అందర్నీ కూర్చోబెట్టి, పొద్దున్నించి ఎవరేం చేశారో అడిగారు. నా వంతొచ్చింది.

"నేను సూసానమ్మా. సెప్పనేదు."

ఉద్యోగం పోయిందనుకున్నాను.

"సూసినోడు సెప్పలేకపోయాడంటే నీ ఒక్కడి తప్పు కాదు బాబూ. మా దగ్గర నోరిప్పడానికి నీకు బయమెందుకేసిందో, అది సూసుకోవాలి మేం."

మర్నాడే ఫ్యాను బాగైంది. కాగితాలు మనిషి వెంటే కదిలేవి. సూదికి ముందు పేరు, తండ్రి పేరు, ఊరు అడగాలన్నారు సిస్టరమ్మగారు. "పెళ్లెప్పుడయిందో కూడా అడుగుతారేటి?" అని నవ్వింది కోటవురట్ల నూకరాజు భార్య. అనుమానమొస్తే ఎవరైనా ఆపొచ్చు, తుడిచే ఆమె అయినా సరే అన్నారు. నర్సు ఉద్యోగం, నాదీ నిలిచాయి. నోరు మాత్రం నాకు వెంటనే రాలేదు.

కొన్ని నెలలకి, సిస్టరమ్మగారే సూది పట్టుకుని ఒక ముసలాయన మీదికి వంగారు. ఆ మందు పక్క మంచమాయనదేమో అనిపించింది నాకు.

"ఆగండమ్మా" అన్నాను.

ఆవిడ కాగితం చూశారు. మందు సరైనదే, పొరపాటు నాదే. ముసలాయన నవ్వి, "ఆవిడకే సెప్తున్నావేట్రా?" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. "రేపూ ఇలాగే ఆపు బాబూ" అని, సూది ట్రేలో పెట్టేసి, ముసలాయన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. అప్పుడే వార్డులోకి వచ్చినట్టు మళ్లీ మొదలుపెట్టారు.

"మీ పేరేటండీ? నాన్నగారి పేరు? ఏ ఊరు?"