నీ ఇష్టం చెల్లె

నాకు కోపం జల్ది వస్తది. ఎయిర్‌పోర్టు పార్కింగుల నా లెక్కనే కిరాయి కార్లు నడిపేటోళ్లందరికి ఈ సంగతి తెలుసు. కొత్తిమీర కట్ట కాడికెళ్లి కారు టైరు దాక, రేటు అడగకుండ ఏదీ కొననని నాకు పేరు. మా ఆయన నాతోని అంగడికి రానంటే రానంటడు, పరువు పోతదట. పరువు కిలో ఎంతనో చెప్పు, అది గూడ బేరం చేస్త అని ఒకసారి ఆయననే అడిగిన.

గసొంటిదాన్ని, ఒక్క మనిషి కాడ మాత్రం ఏండ్లకేండ్లు నోరు తెరిచి రేటడగలే. ఆయన గగన్‌పహాడ్ల కార్లు రిపేరు చేస్తడు. సందుల రేకుల షెడ్డు, దాని ఎనకనే ఇల్లు. మా ఇద్దరిది ఒకటే ఊరు, మంఖాల్. రక్తసంబంధం ఏం లేదు, ఊరి వరసకు అన్న. నేను పెండ్లయి మహేశ్వరం దిక్కు పోయిన, ఆయన పని నేర్సుకొని గగన్‌పహాడ్‌కు పోయిండు. నాకు తోడబుట్టినోళ్లు లేరు. అమ్మ, బాపు పోయిండ్రు. మా జొన్నచేను ప్లాట్లయింది, ఇల్లు పడగొట్టి ఎవలో గోదాం కట్టిండ్రు. ఇగ తల్లిగారిల్లంటే నాకు ఆ రేకుల షెడ్డే. కారు ఆపంగనే "వచ్చినవా చెల్లె" అంటడు. ఆ ఒక్క మాట కోసం, బండికేం కాకున్నా ఒక్కోసారి అటు తిప్పుకొని పోతుంటి.

ఆ షెడ్డుల పద్ధతి గిట్లుండె. పని అయినంక "ఎంతయింది అన్నా" అంట. ఆయన గుడ్డతోని చేతులు తుడుసుకుంట, నా మొకం చూడకుండ, "నీ ఇష్టం చెల్లె" అంటడు. ఇగ నా పరేషాన్ మొదలైతది. తక్కువిస్తే అన్నను తక్కువ చేసినట్టయితది. మనసుల ఏదో ఒక లెక్కేసుకొని, దాని మీద ఇంకో నోటు పెట్టి ఇస్త. ఆయన లెక్కపెట్టకుండనే జేబుల పెట్టుకుంటడు. అన్నకు నాలుగు పైసలు ఎక్కువే ఇచ్చిన అని సంబరపడుకుంట నేను కారెక్కుతుంటి. ఏం సామాను ఏసిండో, దాని ధర ఎంతో నాకు తెల్వది. అడిగితే, తల్లిగారింట్ల అన్నం తిని బిల్లు అడిగినట్టుంటదని ఊకున్న.

ఆయేడు వానలల్ల ముందటి చక్రాలకు బ్రేక్ ప్యాడ్లు మార్పించిన. బ్రేక్ తొక్కితే చక్రాన్ని పట్టి ఆపే బిళ్లలవి. బతుకమ్మ పండుగ రాకముందే మళ్ల కీసుమనబట్టింది. దుమ్ము పట్టిందేమో అనుకున్న. ఒకరోజు పొద్దుగాల ఎయిర్‌పోర్టుల ఆలుమగలను ఎక్కించుకున్న, ఒళ్లె పసిపిల్ల ఉన్నది. శంషాబాద్ కాడ ముందల పోయే లారీ ఆగింది. నేను బ్రేక్ తొక్కిన. ఇంకింత తొక్కిన. బండి పోతనే ఉన్నది. హ్యాండ్ బ్రేక్ గుంజితే, లారీ ఎనక జానెడు దూరంల ఆగింది. పిల్ల నిద్రల నుంచి లేవనే లేదు. తల్లి మాత్రం పిల్లను గట్టిగ ఒత్తుకొని, అద్దంల నా దిక్కు చూసింది. తిట్టినా బాగుండు.

వాళ్లను వేరే బండి ఎక్కించి, కారును మెల్లగ రోడ్డు మీదున్న ఒక షాపుకు తోలుకపోయిన. ఆ షాపాయన ఎవలో నాకు తెల్వదు, ఆయనకు నేను తెల్వదు. నా ముందలనే చక్రం ఇప్పిండు. "అక్కా, ఇవి కంపెనీవి కావు. అగ్గువ సామాను. అరిగి ఇనుము తేలింది, చూడండి" అని చేతుల పెట్టిండు. నేను అడగకముందే కంపెనీవి గింత, నడిమి రకానివి గింత, మజూరి వేరే గింత అని చెప్పిండు. "కావాల్నంటే ఇంకో రెండు దిక్కుల ఫోన్ చేసి అడుగుండ్రి, నాకేం తకలీఫ్ లేదు" అన్నడు. చేసిన. అటు ఇటుగ అందరూ అదే ధర చెప్పిండ్రు. వానలల్ల నేను అన్నకు ఇచ్చిన పైసలకు కంపెనీవే వచ్చేటియి, ఇంకా మజూరి గూడ ఎల్లేది.

ముందటి పని అక్కడనే చేయించిన. ఎనక బ్రేకులు గూడ అరిగినయి, జల్ది చూపించుకోండి అన్నడు. పాత ప్యాడ్లు పేపర్ల చుట్టి డిక్కీల ఏసుకున్న. ఇంటికొచ్చినంక గూడ కోపం దిగలే. పైసలు పోయినందుకు గాదు. చెల్లె అని పిలిసి, చెల్లె బండికే గసొంటి బ్రేకులు ఏసిండని.

మా ఆయన ఇని, "రోడ్డు పొడుగున షాపులే ఉన్నయి. ఇగ ఆడికి పోకు, అయిపాయె" అన్నడు. ఆయనకేంది, ఆయన తల్లిగారింట్లనే ఆయన ఉంటడు. నేను పోకుంటే నాకు ఊరు లేదు, వచ్చినవా అనేటోళ్లు లేరు. పోయి అడిగినా గదే అయితది. అడగకుంటే మళ్ల ఏ లారీ కిందనో పడుత. ఎటూ పాలుపోక, ఆ మాపు బియ్యం ఏరుకుంట కూసున్న.

అప్పుడే మా అమ్మ యాదికొచ్చింది. పాత కమ్మలు కరిగించి కొత్తయి చేయించాల్నంటే, నన్ను ఎంటబెట్టుకొని అవుసులాయన ఇంటికి పోయేది. ఆయన గూడ మాకు వరసకు మామనే. అయినా అమ్మ గడపల కాలు పెట్టంగనే, "మామా, మజూరి ముందుగాలనే చెప్పు" అనేది. చెప్పినంక, కుంపటి ముందల పీటేసుకొని, కమ్మలు చేతికొచ్చేదాక లేవకపోయేది. ఆయన ఏం అనుకోకపోయేది. నడుమల మాకు చాయ్ తెచ్చిచ్చేది ఆయన భార్యనే. బంగారానికి గంత కాపలా కాసేటోళ్లం, పానం మీదికి తెచ్చే బ్రేకుల కాడ మొకమాటం ఏంది అనిపించింది.

తెల్లారి గగన్‌పహాడ్ పోయిన. "వచ్చినవా చెల్లె" అన్నడు. నేను స్టూలు గుంజుకొని కారు ముందల కూసున్న.

"ఎనక బ్రేకులు చేయాలె అన్నా. రేటు ముందుగాల చెప్పు."

ఆయన నవ్విండు. "మనకు మనకు రేటేంది?"

పేపరు ఇప్పి పాత ప్యాడ్లు ఆయన ముందల పెట్టిన. లారీ సంగతి, పసిపిల్ల సంగతి చెప్పిన. ఆయన నవ్వు పోయింది. ఒక ప్యాడు తీసుకొని, ఏలుతోని రుద్ది చూసిండు.

"ఈ ప్యాడ్లకు ముందుగాల క్లచ్ ప్లేటు ఏస్తే, నువ్విచ్చింది సామానుకే సాలలే చెల్లె" అన్నడు మెల్లగ. "ప్యాడ్లకు గూడ గంతే ఇస్తవనుకొని అగ్గువయి తెచ్చి ఏసిన. నువ్వేమో ఎక్కువిచ్చినవు. క్లచ్ లెక్క దాంట్ల ఎల్లింది అనుకొని ఊకున్న."

నేను ఎక్కువిచ్చిన అని సంబరపడ్డది ఆ క్లచ్ నాడే.

"సాలకుంటే అడగాలె గద" అన్న.

"చెల్లెనెట్ల అడుగుత?"

అప్పుడు మాత్రం నా కోపం ఆగలే. "నేను సస్తే నీకు చెల్లె యాడికెళ్లొస్తది అన్నా? మొకమాటం ఉంటే ఇంట్ల పెట్టుకో, చక్రంల పెట్టకు" అన్న. పక్క షెడ్డోళ్లు గూడ ఇటు చూసిండ్రు. ఆయన కింద కూసున్నడు, తల లేపలే. "తప్పయింది" అన్నడు.

లేసి రేటు చెప్పిండు. సామాను ఒకటి, మజూరి ఒకటి. మజూరి ఎక్కువున్నది అన్న. గది తగ్గదు అన్నడు. మేమిద్దరం ఎన్నడు బేరం చేసుకోలే. కొత్తోళ్ల లెక్క మస్తు కొట్లాడినం, ఆఖరికి ఆయన జర దిగిండు, నేను జర ఎక్కిన. సామాను దుకాణం నుంచి బిల్లుతోని తెప్పిచ్చిండు, డబ్బా నా ముందల ఇప్పిండు, పాతయి నా డిక్కీల ఏసిండు. పని అయ్యేదాక నేను స్టూలు మీదికెళ్లి లేవలే. ఇప్పుడు పార్కింగుల ఎవలడిగినా ఇదే చెప్త: బండి ఇప్పకముందే అడుగు, ఇంకో దిక్కు గూడ అడుగు, పాతది చేతుల పెట్టమను. సుట్టమైతే ఇంకింత గట్టిగ అడుగు.

పైసలిచ్చిన. ఆయన మొదటిసారి నా ముందల లెక్కపెట్టిండు, సరిపోయినయి అన్నడు. ఇగ పోత అని తాళంచెయ్యి తీసిన.

"ఆగు" అన్నడు. సబ్బుతోని చేతులు కడుక్కొని వచ్చిండు. "ఇంట్లకు నడు. బువ్వ తిని పో."

షెడ్డు ఎనకనే ఇల్లు, ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ పిలువలే. ఎందుకు పిలువలే అని అడిగిన.

"ఎంతని చెప్పకుండ నీ కాడ తీసుకున్న పైసలు జేబుల ఉంటుండె. ఇంట్ల కూసోబెట్టి నీకు బువ్వెట్ల పెడుదు?"

నాకు ఏడుపొచ్చింది. దాసుకోలే.

వదినె నన్ను మొదటిసారి చూసుడు. బొట్టు పెట్టి పీటేసింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మా అమ్మ చేసినట్టే ఎల్లిపాయ కారం. రొట్టె అయిపోంగనే, అన్నం గిన్నె పట్టుకొని నా ముందల వంగింది.

"ఎంత పెట్టాలె?" అని అడిగింది.

"నీ ఇష్టం వదినె" అన్న.