మోచేతికి అంటిన సుద్ద

పోయిన మంగళవారం భవానీపూర్‌లో చెవుల పరీక్షకు వెళ్లాను. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికో బొత్తాం ఇచ్చి, చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కమందా అమ్మాయి. మొదట్లో బాగానే నొక్కాను. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. బయట బల్ల మీద మా బావమరిది కూర్చుని గాజులోంచి నన్నే చూస్తున్నాడు. వాడి ముందు చెవిటివాణ్ణి కావడం ఇష్టంలేక, వినిపించినా వినిపించకపోయినా బొత్తాం నొక్కుతూ పోయాను. పరీక్ష అయ్యాక ఆ బెంగాలీ అమ్మాయి నవ్వి, తాతగారిని పిలిచినట్టు దాదూ అంటూ, మీరు నొక్కినప్పుడు చాలాసార్లు అసలు చప్పుడే లేదు అంది. డెబ్బై దాటిన మనిషిని, సిగ్గుతో తల దించుకున్నాను. లేని చప్పుడు విన్నాననడం నాకది మొదటిసారి కాదు మరి.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. మా నాన్న పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చి ఖిదిర్‌పూర్ ఓడరేవులో బస్తాలు మోసేవాడు. ఆ మోత నావల్ల కాదని నేను భవానీపూర్‌లో ఒక గ్యారేజీలో చేరి డీజిలు ఇంజన్ల పని నేర్చుకున్నాను. మెట్రో కోసం రోడ్లన్నీ తవ్విపోసిన రోజులవి, మీలో ఆ కాలంవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా ఆ గుంతల్ని తిట్టుకునేది కానీ, సగం బళ్లు వాటిలో పడే మా దగ్గరికి వచ్చేవి కాబట్టి మేం మాత్రం వాటిని పల్లెత్తు మాట అనేవాళ్లం కాదు. ఆ రోజుల్లోనే మా ఆవిడ తమ్ముడు గార్డెన్ రీచ్ ఓడల యార్డులో పని దొరక్క తిరుగుతుంటే, ఆవిడ పోరు పడలేక తీసుకొచ్చి మా గ్యారేజీలో చేర్చాను. అప్పటికి వాడికి పాతికేళ్లు. ఏ నట్టుకు ఏ పానా పడుతుందో కూడా నేనే చెప్పాను. మూడేళ్లు తిరిగేసరికి వాడు నన్ను దాటిపోతాడని తెలిస్తే చెప్పేవాణ్ణా, ఏమో, నిజం చెప్పమంటే చెప్పేవాణ్ణి కాదు.

వాడి గొప్పంతా చెవిలో ఉంది. మా గ్యారేజీకి ఒక పక్క అచ్చాఫీసు, ఎదురుగా లేతు మిషను, పగలంతా ఒకటే రొద. అందుకని ఇంజను చప్పుడు పట్టాలంటే కరెంటు పోయేదాకా ఆగేవాళ్లం. కరెంటు పోగానే వీధి వీధంతా ఉసూరుమంటే, మేం మాత్రం పండగొచ్చినట్టు లేచి బండి స్టార్టు చేసేవాళ్లం. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, దాని కర్రపిడిని చెవి ముందు ఎముకకు ఆనించి వినడం మా పద్ధతి. మా ఉస్తాదు, బీహారు నుంచి వచ్చిన పెద్దమనిషి, దానికి ఇంకో నియమం పెట్టాడు. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లి వినాలి, జబ్బు ఎక్కడుందని తోస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి, నోరు మాత్రం విప్పకూడదు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు తర్వాత. పెద్దవాడు ఒక మాట అనేస్తే చిన్నవాడి చెవికి అదే వినిపిస్తుందని ఆయన భయం.

మూడేళ్లలో మా బావమరిది గుర్తు పెట్టినచోట జబ్బు దొరకని రోజు నాకు గుర్తులేదు. ఉస్తాదు వాడి భుజం తట్టినప్పుడల్లా నేను ముఖం తిప్పుకుని పానాలు సర్దేవాణ్ణి. నేను పదేళ్లు నేలమీద పడుకుని నేర్చుకున్నది వీడికి పుట్టుకతో ఎలా వచ్చింది? ఇంటికొచ్చి అన్నంలో ఉప్పు లేదని మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి. ఆవిడేమైనా అమాయకురాలా, ఒకరోజు కంచం నా ముందు పెడుతూ అడగనే అడిగింది.

"మా తమ్ముడి పేరెత్తితే సాలు, మీ మొకం మాడిపోతాది. ఆడు మీకేటి సేసినాడు?"

ఏమీ చేయలేదు. అదే నా బాధ.

ఇంతలో ఉస్తాదుకు చూపు మందగించి, ఊరికి వెళ్లిపోతానన్నాడు. వెళ్లేముందు తన స్క్రూడ్రైవరు ఎవరి చేతిలో పెడితే ఆ తర్వాత వాళ్లే పెద్ద మిస్త్రీ. వరస ప్రకారం అది నాది. ఆ వరస తప్పుతుందేమోనని నాకు నిద్రపట్టేది కాదు. సరిగ్గా ఆ వారంలోనే డాక్టరుబాబు జీపు వచ్చింది. ఆయన ఎక్కడో వేలంలో కొన్న పాత డీజిలు జీపు అది, నాలుగు చక్రాలూ లాగే రకం. క్యానింగు అనే ఊరు దాటి, బురద గట్ల మీదుగా ప్రతి ఆదివారం ఏవో పల్లెలకు మందులు తీసుకెళ్లేవాడు, మామూలు కారు అక్కడికి పోలేదు. ఇంజను వేడెక్కాక టకటకమని ఒక మోటు చప్పుడు, యాక్సిలరేటరు తొక్కి వదిలేస్తే ఇంకా ఎక్కువ. ఆదివారంలోగా కావాలి బాబూ, జనం కూర్చునుంటారు అని చెప్పి వెళ్లాడాయన.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉస్తాదు రైలు టికెట్టు కోసం వెళ్లాడు. ముందు మా బావమరిది విని, గుర్తు పెట్టి, టీకి పోయాడు. తర్వాత నేను వెళ్లాను. ఇంజను ముందువైపు, పుల్లీ వెనక ఉండే మూత మీద వాడి సుద్దగీత కనిపించింది. స్క్రూడ్రైవరు అక్కడ ఆనించాను. టకటక స్పష్టంగా వినిపించింది. ఇప్పుడు చెప్పడానికి నాకేం అడ్డు, వాడి గీతే సరైందని ఆ క్షణంలో నాకు తెలిసింది. కానీ అక్కడే నేనూ గీత గీస్తే, వాడి వెనక నడిచినవాణ్ణే అవుతాను కదా. చప్పుడు లోపలి బేరింగులో పుట్టి క్రాంకు కడ్డీ వెంట ముందుకు వస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను. కింద ఆయిల్ చాంబరుకు ఆనించి విన్నాను. అక్కడేమీ లేదు. లేకపోయినా విన్నాను. ఇంజను ఆపి, గుడ్డ వెతుక్కునే నిదానం కూడా లేక, వాడి గీతను మోచేత్తో తుడిచేసి, చాంబరు మీద నా గీత గీశాను.

ఉస్తాదు వచ్చి చూశాడు, ఒక్కటే గీత ఉంది. నువ్వు గీయలేదేమని వాణ్ణి అడిగాడు. వాడు మూత వైపు చూశాడు, నా వైపు చూశాడు, బావ పెట్టాక మళ్లీ నాదెందుకని వచ్చీరాని హిందీలో చెప్పాడు. మా వైపు నలుగురిలో బావ మాట కాదనడం మర్యాద కాదు, ఆ మర్యాద మీదే నేను భారం వేశాను. తర్వాత టీ తాగుతుంటే నా పక్కకు వచ్చాడు.

"మోచెయ్యి తెల్లగయిపోనాది బావా, సుద్దంటుకున్నట్టుంది," అంటూ తనే దులిపాడు. వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని నాకు చాలా ఏళ్లు అనిపించింది.

రెండు రోజులు చాంబరు దింపి, బేరింగులు విప్పి చూశాం. ఒక్కదాని మీదా అరిగిన గీత లేదు, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. శనివారం సాయంత్రం డాక్టరుబాబు మందుల పెట్టెలతో వచ్చి, విప్పిపడేసిన ఇంజను చూసి, ఆ పెట్టెల్ని మళ్లీ టాక్సీలో పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ ఆదివారం గట్టు మీద ఎంతమంది ఆయన కోసం దారి చూశారో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ చేయలేదు. సోమవారం అంతా బిగించి స్టార్టు చేస్తే మళ్లీ అదే టకటక. ఈసారి ఉస్తాదు తనే వంగి విన్నాడు. చూపు తగ్గినా చెవి తగ్గలేదు, స్క్రూడ్రైవరు తిన్నగా పుల్లీ వెనక మూత మీదికే వెళ్లింది. పుల్లీని క్రాంకుకు కదలకుండా పట్టి ఉంచే చిన్న కీ అరిగిపోయి, పుల్లీ వదులై కొట్టుకుంటోంది. పూటలో అయిపోయే పని. మూత అంచున గ్రీజులో కొంచెం తెల్లదనం మిగిలి ఉంది. ఉస్తాదు దాన్ని వేలితో తీసి చూసుకుని, నా వైపు చూసి, గుడ్డకు తుడుచుకున్నాడు. వెళ్లేరోజు స్క్రూడ్రైవరు మా బావమరిది చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు నేను వాడి కింద పనిచేశాను. ఏ బండి వచ్చినా, ఉస్తాదు పెట్టిన నియమాన్ని తిప్పేసి, ఆ స్క్రూడ్రైవరు నాకే అందించేవాడు, "ముందు నువ్విను బావా, తరవాత నాను," అంటూ. గ్యారేజీలో అందరూ వాడి మంచితనాన్ని పొగిడేవారు. నాకది కూడా కుళ్లే. చెవి ఒక్కటే అనుకున్నాను, మనసు కూడా నాకన్నా పెద్దదిచ్చాడా దేవుడు అని ఏడ్చుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ గ్యారేజీ ఉన్నచోట బట్టల కొట్టు ఉంది. కరెంటు పోవడమే మానేసింది. బళ్లకు వైరు తగిలిస్తే జబ్బేమిటో తెరమీద అదే చెబుతుందట, ఎవరి చెవితోనూ పనిలేదు. వాడూ నేనూ ఇన్నాళ్లకు సమానమయ్యాం. ఒకప్పుడు దీనికోసం ఏమైనా ఇచ్చేవాణ్ణి, తీరా వచ్చాక సంతోషమే లేదు. వాడి చెవి ఎంత గొప్పదో నాకు తెలిసినట్టు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు.

పరీక్ష అయ్యాక ఇద్దరం ఖిదిర్‌పూర్‌కు బస్సెక్కాం. కరెంటుతో నడిచే కొత్త బస్సు. చెవి మిషను రావడానికి ఇంకో వారం పడుతుందన్నారు, అంతదాకా ఆగలేకపోయాను. ఆ జీపు గుర్తుందా, నీ గీత తుడిచింది నేనేరా అని, ఇన్నేళ్లకు, తల తిప్పకుండా అనేశాను. వాడు నవ్వి, నా మోచెయ్యి పట్టుకుని, ఏదో చెప్పాడు, చాలాసేపే చెప్పాడు. పెదాలు కదలడం కనిపించింది. బస్సు రొదలో వినపడలేదని వంక పెడదామంటే దానికి రొదే లేదు. ఇంకోసారి చెప్పమని అడగడానికి నోరు రాలేదు. విన్నట్టే తల ఊపాను.