అమ్మవారికి వీపు పెట్టిన హారను

మొన్న బరంపురంలో ఓ పెళ్లిపందిట్లో సౌండుబాక్సులు సర్దుతున్న ఒక అమ్మాయిని, కలశం ఉంది వేదిక ఎక్కొద్దని ఓ పెద్దాయన అదిలించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, వెదురుగడకు కట్టిన ఆ పెద్దనోటి హారను. డిగ్రీ తప్పి ఇంట్లో ఉన్న నన్ను మా మేనమామ తన మైకుసెట్ల దుకాణంలో పెట్టుకున్నాడు. చేరదీశాడని చుట్టాలు పొగిడారు. జీతం అడగని మనిషి దొరికిందని నేనంటాను. అయినా తీగలు కలపడం, గడ నిలబెట్టడం, మైకు వైపు హారను నోరు తిరగకుండా చూడటం, అన్నీ ఆశగా నేర్చుకున్నాను. అదే నా బతుకుతెరువనుకున్నాను.

ఒకసారి గోపాల్‌పూర్ దారిలో ఓ ఊళ్లో అమ్మవారి ఉత్సవానికి వెళ్లాం. అమ్మవారికి హారను వీపు పెట్టకూడదని అక్కడి పట్టింపు. హారను నోరు విగ్రహం వైపు, విగ్రహం ముందే భజన మైకు. హారను శబ్దం తిరిగి మైకులోనే దూరితే కూత పుట్టక ఏమవుతుంది? చెవులు చిల్లులు పడేలా పుట్టింది. ఉత్సవం పెద్ద, ఓ బట్టల వర్తకుడు, నేరుగా నా మీదికే వచ్చాడు.

"ఏటే అమ్మీ, మైలతో గాని ముట్టుకున్నావేటి? సెప్పు!"

"మైకుకి ఎదురుగా హారనెట్టించి నన్నడుగుతారేటి బాబూ? అటు తిప్పితే ఆగిపోద్ది."

"నోరు ముయ్యే!" అన్నాడు మామ. "అమ్మోరికి ఈపు ఎడతావేటి?"

నిచ్చెనెక్కి హారనును జనం వైపు తిప్పేశాను. కూత ఠక్కున ఆగింది. అప్పటికే పసుపునీళ్లు చల్లుతున్న వర్తకుడు చెంబు పైకెత్తి, "సూసినారా అమ్మోరి మహిమ!" అన్నాడు. జనం దణ్ణాలు పెట్టారు. నాకు హారను తిప్పడం నేర్పిన మామ అందరికంటే ముందు పెట్టాడు. మర్నాడు నన్ను దుకాణానికి రావద్దన్నాడు. ఆ పని మళ్లీ నా చేతికి రాలేదు.

ఇప్పటి యంత్రాలు కూతను పుట్టకముందే అణిచేస్తాయట. మంచిదే. కానీ నాకు ఆ పాత కూత మీదే అభిమానం. తప్పు జరిగిందని ఆ రోజు పందిట్లో నాతో పాటు గొంతెత్తింది అదొక్కటే.